ఇంపీడెన్స్ తగ్గింది, సిగ్నల్ పోయింది: తప్పు పూతదేనా?

ప్రశ్న: పాలీఇమైడ్ (తీగలకు ఇన్సులేషన్‌గా పనిచేసే ప్లాస్టిక్) మీద ప్లాటినం వేసి, సైట్ల (మెదడుకు తగిలే లోహపు చుక్కల) మీద పెడాట్ (కరెంటు పారే పాలిమర్) పూత పూసిన పలుచటి మెదడు ఎలక్ట్రోడ్లు తయారు చేస్తున్నాం. ఒక్కో సైటు వ్యాసం 50 మైక్రాన్లు. రికార్డింగుకూ, స్టిమ్యులేషనుకూ అవే సైట్లు వాడాలని ఉద్దేశం. స్టిమ్యులేషన్ 20 మైక్రో ఆంపియర్లు, 200 మైక్రో సెకన్ల పల్సు. 87 డిగ్రీల సెలైనులో 30 రోజులు ఉంచినా ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) మారలేదు. దాన్ని శరీరంలో 2 సంవత్సరాల 7 నెలలకు సమానంగా లెక్క వేశాం. ఒక్కో ప్రోబ్‌ను ఒక మిల్లీ లీటరు మాధ్యమంలో నానబెట్టి చేసిన కణ విషప్రభావ పరీక్షలోనూ నెగ్గింది. ఎలుకల్లో పెట్టినప్పుడు 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ 45 కిలో ఓమ్‌లు ఉంది. 8 వారాల తర్వాత 9కి తగ్గి ఇంకా బాగుపడింది. కానీ న్యూరాన్ల సిగ్నల్ మాత్రం పోతోంది. పెడాట్ బదులు ఇరిడియం ఆక్సైడ్‌కు మారాలా? దీర్ఘకాలిక జీవ అనుకూలత ఉందని పేపర్లో రాసుకోవచ్చా?

జవాబు: ఆ 9 కిలో ఓమ్‌లు బాగుపడినందుకు గుర్తు కాదు. 50 మైక్రాన్ల బిళ్ల ఒక్కటే మెదడుకు తగులుతుంటే అంత తక్కువ ఇంపీడెన్స్ రావడం భౌతికంగానే సాధ్యం కాదు.

లెక్క చిన్నదే. ఎంత గొప్ప పూత పూసినా, బిళ్ల నుంచి చుట్టూ ఉన్న మాధ్యమంలోకి కరెంటు పరచుకోవడానికి కొంత నిరోధం తప్పదు. మాధ్యమం నిరోధకతను వ్యాసార్ధానికి నాలుగు రెట్లతో భాగిస్తే అది వస్తుంది. మెదడులో గ్రే మ్యాటర్ వాహకత మీటరుకు సుమారు 0.3 సీమెన్స్, అంటే నిరోధకత దాదాపు 3.3 ఓమ్ మీటర్లు. మీ వ్యాసార్ధం 25 మైక్రాన్లు. భాగిస్తే సుమారు 33 కిలో ఓమ్‌లు. పూత ఇంపీడెన్స్ దీని మీద కలుస్తుంది కాబట్టి మొదట్లో మీకు వచ్చిన 45 సబబుగానే ఉంది. చుట్టూ కణజాలం లేకుండా ఒట్టి సెలైనే ఉన్నా ఈ నిరోధం 6.5 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. అలాంటిది మెదడులో 9 వచ్చిందంటే ఒక్కటే అర్థం: సైటు కాని లోహం కూడా తడుస్తోంది. ఇన్సులేషన్ లోపలికి నీరు చేరింది.

ఆరోగ్యంగా ఉన్న ఎలక్ట్రోడ్ ఇంపీడెన్స్ నడత వేరు. పెట్టాక మొదటి ఒకటి నుంచి మూడు వారాల్లో అది పెరుగుతుంది. ప్రోటీన్లు అంటుకుంటాయి, మైక్రోగ్లియా (మెదడు రక్షణ కణాలు) చుట్టుముడతాయి, ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు ఆసరా ఇచ్చే కణాలు) పొర కడతాయి. తర్వాత కాస్త దిగి స్థిరపడుతుంది. ఒక్కసారిగా మెగా ఓమ్‌లకు ఎగిరితే తీగ తెగినట్టో, కనెక్టర్ ఊడినట్టో అనుకోవచ్చు. వారం వారం మెల్లగా, ఆగకుండా దిగుతుంటే మాత్రం లీకు. చాలా ల్యాబుల్లో ఈ మూడో రకాన్ని శుభవార్తగా నమోదు చేసుకోవడం మామూలే, ఎందుకంటే తక్కువ ఇంపీడెన్స్ మంచిదని అందరూ నేర్చుకునే ఉంటారు.

దీన్ని రూఢి చేసుకోవడానికి ఎలుకలను ముట్టుకోనక్కర్లేదు. ముందు మీ దగ్గరున్న రికార్డింగులనే తీయండి. 300 నుంచి 5000 హెర్ట్జ్ బ్యాండులో పక్కపక్క ఛానళ్ల మధ్య సహసంబంధం వారం వారం చూడండి. ఒకే స్పైకు (న్యూరాన్ పంపే విద్యుత్ సంకేతం), ఒకే క్షణంలో, ఇంచుమించు ఒకే ఎత్తుతో నాలుగైదు ఛానళ్లలో కనిపిస్తుంటే ఆ తీగల మధ్య నీరు వారధి కట్టినట్టే. తర్వాత ఒక ఛానల్లోకి 1 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న కరెంటు పంపి పొరుగు ఛానళ్లలో ఎంత వోల్టేజీ కనిపిస్తోందో కొలవండి. సైట్ల వరుస ప్రకారం కాకుండా తీగల వరుస ప్రకారం వోల్టేజీ పెరుగుతుంటే లీకు షాఫ్టులో (ప్రోబ్‌లో మెదడులోకి దిగే కాడలో) ఉంది. ఇక బయటికి తీసిన ప్రోబ్ ఏదైనా ఉంటే ముంచు పరీక్ష చేయండి. సైటు వరకే సెలైనులో ముంచి కొలవండి, తర్వాత మిల్లీ మీటరు చొప్పున లోతుగా దించుతూ కొలవండి. ఇన్సులేషన్ బాగుంటే అంకె దాదాపు కదలదు. ఏ లోతు దగ్గర ఉన్నట్టుండి పడిపోతే పొర అక్కడ విడిపోయింది. ఒక్క 1 కిలోహెర్ట్జ్ అంకెతో ఆగకుండా 10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ వరకు, 10 మిల్లీ వోల్టుల సంకేతంతో పూర్తి స్పెక్ట్రం తీయండి, ఫేజుతో సహా.

మరి 87 డిగ్రీల పరీక్షలో ఇది ఎందుకు బయటపడలేదు? ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందనే సూత్రంతో 37 నుంచి 87కు 32 రెట్లు, 30 రోజులకు 960 రోజులు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఆ సూత్రం ఒక నిర్దిష్టమైన రసాయన చర్యకు వేసిన ఉజ్జాయింపు. మీ ప్రోబ్‌లో జరిగేది ఒక్క చర్య కాదు. పాలీఇమైడ్‌లో నీరు ఇంకడం ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో పూర్తవుతుంది. పొర విడిపోవడం మాత్రం అతుకు మీద, అక్కడున్న మలినాల మీద, వంపుల మీద, వోల్టేజీ మీద ఆధారపడుతుంది. సీసాలో కదలిక లేదు, వోల్టేజీ లేదు, మైక్రోగ్లియా వదిలే పెరాక్సైడ్ లేదు. పుర్రె దగ్గర ప్రోబ్ తోక (కనెక్టర్‌కు వెళ్లే పట్టీ) వంగడమూ లేదు. పైగా మీరు ముంచింది బహుశా మొన మాత్రమే.

పరీక్షను ఇలా మార్చండి. మీ వేఫర్ (ప్రోబ్‌లు తయారుచేసే పళ్లెం) మీదే ఖాళీ చోట్లలో దువ్వెన ఆకారపు తీగల జంటలు గీయించండి, తీగల వెడల్పు, ఎడం మీ ప్రోబ్‌లో ఉన్నంతే. సైట్లు తెరవకుండా వాటిని పూర్తిగా సెలైనులో ముంచి, జంట మధ్య 5 వోల్టుల డీసీ పెట్టి లీకేజీ కరెంటు కొలవండి. నానో ఆంపియర్లలోకి పెరుగుతుంటే పొర మధ్యకు నీరు చేరుతున్నట్టు. 37, 57, 77 డిగ్రీల దగ్గర మూడు గుంపులు పెట్టండి, గుంపుకు కనీసం పది. మూడు ఉష్ణోగ్రతల్లో విఫలమైన సమయాలు వస్తే త్వరణం ఎన్ని రెట్లో మీ నమూనా నుంచే లెక్క కట్టవచ్చు, రెట్టింపు సూత్రాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు. 37 డిగ్రీల సీసా మాత్రం ఈరోజే మొదలుపెట్టండి, చివరికి అందరూ నమ్మేది దాన్నే. ఇంకో గుంపులో 10 నుంచి 20 మిల్లీ మోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపండి. వేడికి అది విరిగిపోతుంది, ప్లాటినం తగిలితే ఇంకా వేగంగా విరిగిపోతుంది. అందుకని సిరంజి పంపుతో నిరంతరం అందించకపోతే కొన్ని గంటలకే మీరు మళ్లీ ఒట్టి సెలైనులో పరీక్ష చేస్తున్నట్టే. పక్క ల్యాబులో టంగ్‌స్టన్ తీగలు వాడేవాళ్లుంటే ఈ పరీక్ష వాళ్లకూ చూపించండి. పెరాక్సైడ్ కలిసిన సెలైనులో టంగ్‌స్టన్ కరిగిపోతుంది. నిల్వ వయసు పరీక్షకు ఉద్దేశించిన ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1980ను ఇంప్లాంట్ ఆయుష్షుకు వర్తింపజేసే అలవాటూ కొన్నిచోట్ల ఉంది. అది అల్మరాలో నిల్వ ఉన్న సరుకుకు సంబంధించినది, తడిలో ఉన్న పరికరానికి కాదు.

పొర విడిపోయే చోట్లు సాధారణంగా రెండు: ప్లాటినం, పాలీఇమైడ్ మధ్య, రెండు పాలీఇమైడ్ పొరల మధ్య. మొదటి పొర పూర్తిగా క్యూర్ అయ్యాక (వేడికి గట్టిపడ్డాక) దాని మీద రెండోది సరిగా అంటుకోదు. రెండోది పోసే ముందు ఆక్సిజన్ ప్లాస్మా తప్పనిసరి, ప్లాస్మా తర్వాత ఆలస్యం చేయకండి. పాలీఇమైడ్ రకమూ ముఖ్యమే. బీపీడీఏ, పీపీడీ రసాయనంతో వచ్చే రకం తేమ అర శాతం దగ్గర పీలుస్తుంది, వెచ్చటి సెలైనులో బలం నిలుపుకుంటుంది. కాప్టన్ వంశపు పీఎండీఏ, ఓడీఏ రకం అంతకు కొన్ని రెట్లు పీలుస్తుంది. లోహం కింద, పైన అమార్ఫస్ సిలికాన్ కార్బైడ్ పలుచటి పొర పెడితే పాలీఇమైడ్‌కూ ప్లాటినానికీ మధ్య అతుకు చాలా మెరుగవుతుంది. సిలికాన్ నైట్రైడ్ ఆ పనికి తీసుకోకండి, వెచ్చటి సెలైనులో అది నెమ్మదిగా కరుగుతుంది. సైటు కిటికీ (సైటు బయటపడేలా పై పొరలో తెరిచిన రంధ్రం) అంచు లోహం మీదికి కొన్ని మైక్రాన్లు ఎక్కి ఉండాలి. కిటికీ లోహం కంటే పెద్దదైతే నీటికి తలుపు మీరే తీసిపెట్టినట్టు.

ఇవన్నీ సరిచేసేదాకా పూత మార్చినా ప్రయోజనం లేదు. అయినా పూత సంగతి విడిగా చెప్పాల్సిందే, ఎందుకంటే మీ స్టిమ్యులేషన్ అంకెలు ఒక ఇరుకు చోట ఉన్నాయి.

20 మైక్రో ఆంపియర్లు, 200 మైక్రో సెకన్లు అంటే పల్సుకు 4 నానో కూలూంబులు. సైటు వైశాల్యం దాదాపు 2000 చదరపు మైక్రాన్లు. కాబట్టి ఛార్జ్ సాంద్రత చదరపు సెంటీమీటరుకు 200 మైక్రో కూలూంబులు. ప్లాటినం నీటిని విడగొట్టకుండా సురక్షితంగా ఇవ్వగలిగేది 50 నుంచి 150. అంటే పూత ఉన్నంతవరకే మీరు గీత లోపల ఉన్నారు. పెడాట్ ఒక మూల లేచినా, కింద బయటపడ్డ ప్లాటినం అంచు మీదికి కరెంటు గుమిగూడుతుంది. అప్పుడు వాయువు బుడగలు, స్థానికంగా ఆమ్ల క్షార మార్పు, లోహం కరగడం వరసగా వస్తాయి.

"డీబీఎస్‌లో (మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్ పెట్టి చేసే చికిత్సలో) ప్లాటినం ఇరిడియం దశాబ్దాలుగా పనిచేస్తోంది కదా" అనే వాదన తరచూ వినిపిస్తుంది. అమెరికాలో వణుకుకు డీబీఎస్ అనుమతి వచ్చింది 1997లో, కాబట్టి చరిత్ర నిజమే. కానీ ఆ ఎలక్ట్రోడ్ కాంటాక్టు 1.27 మిల్లీ మీటర్ల వ్యాసం, 1.5 మిల్లీ మీటర్ల పొడవు ఉన్న స్తూపం, వైశాల్యం 6 చదరపు మిల్లీ మీటర్లు. 3 మిల్లీ ఆంపియర్లు, 60 మైక్రో సెకన్లు ఇచ్చినా సాంద్రత చదరపు సెంటీమీటరుకు 3 మైక్రో కూలూంబులే. మీరు దానికి 60 రెట్లకు పైగా ఉన్నారు. పేరుకు లోహం ఒకటే, పని మాత్రం వేరు.

ఇక్కడే షానన్ సూత్రం (స్టిమ్యులేషన్ కణజాలాన్ని దెబ్బతీయని హద్దును అంచనా వేసేది) కూడా మోసం చేస్తుంది. 1992 నాటి ఆ సూత్రంలో సాంద్రత లాగరిథం, ఛార్జ్ లాగరిథం కలిపితే వచ్చే కే విలువ 1.85 లోపు ఉంటే కణజాలం క్షేమం అని వాడుక. మీ అంకెలు పెడితే కే దాదాపు మైనస్ 0.1 వస్తుంది, పరమ సురక్షితం అన్నట్టు. కానీ ఆ సూత్రం పెద్ద ఎలక్ట్రోడ్ల డేటా మీద కట్టినది. మొనదేలిన సూక్ష్మ ఎలక్ట్రోడ్లకు న్యూరాన్లు దెబ్బతినడం మొదలయ్యే హద్దు పల్సుకు 4 నానో కూలూంబుల దగ్గరే ఉందని జంతు ప్రయోగాలు చూపాయి. మీరు సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉన్నారు. 10 మైక్రో ఆంపియర్లతో ప్రభావం వస్తుందేమో ముందు చూడండి.

నా సిఫారసు: ఒకే సైటుతో రెండు పనులూ చేయించకండి. స్టిమ్యులేషన్ సైట్లకు స్పట్టర్ చేసిన (శూన్యంలో చిమ్మి పూసిన) ఇరిడియం ఆక్సైడ్, 200 నుంచి 400 నానో మీటర్ల మందం, కింద టైటానియం అతుకు పొర. చదరపు సెంటీమీటరుకు మిల్లీ కూలూంబు స్థాయిలో ఛార్జ్ ఇవ్వగలదు కాబట్టి మీ 200 మైక్రో కూలూంబులకు చాలినంత జాగా ఉంటుంది. యాక్టివేషన్ (వోల్టేజీని పైకీ కిందికీ తిప్పి పొరను ఛార్జ్ ఇవ్వడానికి సిద్ధం చేయడం) చేసేటప్పుడు వోల్టేజీ హద్దు దాటిస్తే పొర పెచ్చులుగా లేస్తుంది, ఓపిగ్గా చేయండి. రికార్డింగు సైట్లకు పలుచటి పెడాట్ చాలు, లేదా గరుకు చేసిన ప్లాటినం. ప్లాటినం బ్లాక్ ఎంచుకుంటే ద్రావణంలో లెడ్ ఎసిటేట్ లేనిదే వాడండి. పాత వంటకాల్లో సీసం ఉంటుంది, మెదడులోకి అది వద్దు.

పెడాట్ ఉంచదలచుకుంటే అంటుకునే ఉపరితలం మీదే శ్రద్ధ పెట్టండి. ముందు అర మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సు మీద మైనస్ 0.2 నుంచి 1.2 వోల్టుల మధ్య సైక్లింగ్ చేయండి, హైడ్రోజన్ శిఖరాలు ఒకే ఆకారంలో మళ్లీ మళ్లీ వచ్చేదాకా. ఫోటోరెసిస్ట్ మిగిలి ఉంటే ఆ శిఖరాలు మొద్దుగా ఉంటాయి. ద్రావణం: 100 మిల్లీ లీటర్ల నీటిలో సోడియం పాలీస్టైరీన్ సల్ఫొనేట్ 2 గ్రాములు, ఈడాట్ (పెడాట్‌కు మూల ద్రవం) 107 మైక్రో లీటర్లు, అంటే 10 మిల్లీ మోలార్. ఈడాట్ నీటిలో 15 మిల్లీ మోలార్ దగ్గరే సంతృప్తమవుతుంది, ఎక్కువ పోస్తే చుక్కలుగా తేలి పూత మచ్చలుగా వస్తుంది. చదరపు సెంటీమీటరుకు అర మిల్లీ ఆంపియర్ చొప్పున మీ సైటుకు 10 నానో ఆంపియర్లు. 400 సెకన్లలో 200 మిల్లీ కూలూంబుల సాంద్రత వస్తుంది. మందం పెంచితే ఇంపీడెన్స్ ఇంకా తగ్గుతుందనే ఆశ వద్దు, ముందు చూసిన 33 కిలో ఓమ్‌లు ఎలాగూ కదలవు. మందం పెరిగితే తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకునే ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. గరుకు ప్లాటినం మీద గానీ, స్పట్టర్ చేసిన ఇరిడియం ఆక్సైడ్ మీద గానీ పూసిన పెడాట్ నునుపు ప్లాటినం మీద పూసినదాని కంటే ఎంతో గట్టిగా నిలుస్తుంది. ప్రతి బ్యాచ్ నుంచి కొన్నిటిని ఐదు నిమిషాలు అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టి, మీరు వాడే స్టెరిలైజేషన్ కూడా చేసి, మైక్రోస్కోపులో సైటు అంచు చూడండి. లేవడం అంచునే మొదలవుతుంది.

పల్సు పరీక్షలో వోల్టేజీ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 20 మైక్రో ఆంపియర్లకు మెదడు నిరోధం మీదే 0.66 వోల్టులు పడతాయి. అది ఎలక్ట్రోడ్ మీద పడ్డది కాదు. దాన్ని తీసేసి, మిగిలినది నీటి కిటికీ (నీరు విడిపోకుండా ఉండే వోల్టేజీ పరిధి) లోపల ఉందా చూడాలి: ప్లాటినం, ఇరిడియం ఆక్సైడ్‌లకు మైనస్ 0.6 నుంచి ప్లస్ 0.8 వోల్టులు. సెలైనులో నెగ్గిన ఛార్జ్ మెదడులో నెగ్గుతుందని అనుకోకండి. కణజాలంలో అయాన్లు నెమ్మది, బఫర్ తక్కువ. అదే ఎలక్ట్రోడ్ అక్కడ బాగా తక్కువ ఇస్తుంది.

ఇక జీవ అనుకూలత. కణ విషప్రభావ పరీక్షలో మీరు నెగ్గినట్టు చెప్పలేం, నానబెట్టిన ద్రవాన్ని పలచబరిచారు. ఐఎస్‌ఓ 10993-12 (వైద్య పరికరాల జీవ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం అర మిల్లీ మీటరు కంటే పలుచటి నమూనాకు మిల్లీ లీటరుకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉండాలి. 300 మైక్రాన్ల వెడల్పు, 5 మిల్లీ మీటర్ల పొడవు ఉన్న షాఫ్టు రెండు వైపులా కలిపినా 0.03 చదరపు సెంటీమీటర్లే. ఆ లెక్కన మిల్లీ లీటరుకు 200 ప్రోబ్‌లు కావాలి. తేలిక దారి ఉంది: అదే వేఫర్ మీద, అన్ని పొరలతో, అన్ని దశలూ దాటిన 1 సెంటీమీటరు వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించండి. రెండు వైపులా కలిసి సరిగ్గా 6 వస్తుంది. కణాల జీవశక్తి 70 శాతం కంటే దిగితే విషప్రభావం ఉన్నట్టు లెక్క. కనెక్టర్, జిగురు, సోల్డర్ ఫ్లక్స్ అవశేషాలు కూడా పరీక్షలో ఉండాలి, శరీరానికి తగిలే పక్షంలో. రిఫరెన్సుగా సిల్వర్ క్లోరైడ్ తీగ ఎలుకలో పెట్టి ఉంటే తీసేయండి. వెండి మెదడుకు విషం. ప్లాటినం తీగో, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూనో వాడండి.

ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషం) సంగతి చాలామంది మరచిపోతారు. స్టెరిలైజేషనుకు వాడే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు బ్యాక్టీరియాను చంపుతుంది గానీ దాని గోడ ముక్కలను తీసేయదు. అవి మైక్రోగ్లియాను రెచ్చగొడతాయి, నేరం మాత్రం మీ పదార్థం మీద పడుతుంది. మెదడు ద్రవానికి తగిలే పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ హద్దు 2.15 ఎండోటాక్సిన్ యూనిట్లు, మామూలు పరికరాలకు 20.

పాలీఇమైడ్ మెత్తన కాబట్టి మచ్చ (గాయం చుట్టూ కట్టే గట్టి కణజాలం) రాదు అని కూడా రాయకండి. దాని దృఢత్వం గిగా పాస్కల్స్‌లో, మెదడుది కొన్ని కిలో పాస్కల్స్‌లో. తేడా దాదాపు పది లక్షల రెట్లు. మెదడుకు లెక్కకొచ్చేది వంపు దృఢత్వం, అది మందం ఘనంతో మారుతుంది. 10 మైక్రాన్లను 5 చేస్తే ఎనిమిదో వంతు. అయితే అంత పలుచనిది లోపలికి దిగేటప్పుడు మడత పడుతుంది కాబట్టి గట్టి సూదిలాంటి ఆసరాతో దించాలి, ఆ ఆసరా చేసే గాయం వేరు. పలుచనిది లోపలే నిలుస్తుందన్న హామీ కూడా లేదు. 2024లో న్యూరాలింక్ తన మొదటి రోగిలో కొన్ని పాలిమర్ తీగలు మెదడు నుంచి వెనక్కి వచ్చాయని తనే ప్రకటించింది.

మీ సిగ్నల్ పోవడంలో లీకు వాటా ఎంత, కణజాలం వాటా ఎంత అనేది హిస్టాలజీయే (కణజాలాన్ని కోసి మైక్రోస్కోపులో చూడటమే) తేల్చాలి. న్యూరాన్ స్పైకులు 100 మైక్రాన్ల చుట్టుపక్కల నుంచే వస్తాయి. ఆ దూరంలో న్యూరాన్లు తగ్గితే ఇంపీడెన్స్ ఎంత బాగున్నా వినపడేది ఏమీ ఉండదు. 1, 4, 12, 26 వారాల గుంపులు పెట్టండి. న్యూఎన్ (న్యూరాన్లకు), జీఎఫ్ఏపీ (ఆస్ట్రోసైట్లకు), ఐబా1 (మైక్రోగ్లియాకు) మరకలతో ప్రోబ్‌కు అడ్డంగా కోసిన ముక్కల్లో, అంచు నుంచి 50 మైక్రాన్ల పట్టీలుగా 500 వరకు లెక్కించి, అదే ముక్కలో దూరపు కణజాలంతో పోల్చండి. రెండు పోలికలు లేకుండా ఏ అంకెకూ అర్థం లేదు: గుచ్చి తీసేసిన గాయం ఒకటి, అదే ఆకారంలో పూత లేని ప్రోబ్ ఒకటి. ముక్కలు కోసే ముందు ప్రోబ్ లాగేస్తే దానికి అంటుకున్న మైక్రోగ్లియా పొర కూడా వచ్చేస్తుంది, మచ్చ ఉన్నదానికంటే పలుచగా కనిపిస్తుంది. పాలీఇమైడ్‌ను బ్లేడు కోయగలదు, లోపలే ఉంచి కోయండి.

పేపర్లో దీర్ఘకాలిక జీవ అనుకూలత అనే మాట ఇప్పుడు వద్దు. ఐఎస్‌ఓ 10993-1 దృష్టిలో అది పదార్థానికి అతికించే బిరుదు కాదు. ఫలానా పనిలో, ఫలానా చోట, ఫలానా కాలం శరీరం తగిన విధంగా స్పందించిందా అన్న ప్రశ్న. రాయగలిగింది ఇది: "ఈ నిర్మాణంతో, ఈ జంతువులో, 8 వారాల వరకు పరీక్షించాం, ఇన్ని ఛానళ్లలో ఇన్సులేషన్ లీకు కనిపించింది." చచ్చిపోయిన ఛానళ్లను సగటు నుంచి తీసేయకుండా, ఎప్పుడు ఏ కారణంతో పోయాయో వారాల వారీగా గ్రాఫు వేయండి. ఇప్పుడు ఎలుకల్లో ఉన్న ప్రోబ్‌లను తీసేటప్పుడు ఎంజైము డిటర్జెంటులో నానబెట్టి కణజాలం పోగొట్టండి, గీకకండి. ముందు ముంచు పరీక్ష, ఆ తర్వాతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. వరస తిరగబడితే శూన్యంలో ఎండిన పొర లీకు ఆనవాలు చెరిపేస్తుంది.